తుమ్మిన గుమ్మడికాయ

చెప్పండి చూద్దాం. పుట్టిన బిడ్డ మొట్టమొదటిసారి గడప దాటి యాడికి పోవాల?

చెయ్యెత్తి చెప్పండి. ఇద్దరూ ఒకేసారి అరిస్తే నాకు ఒక్క మాటా వినపడదు. ఊఁ, హాసినీ, నువ్వు చెప్పు.

“గుడికి, అవ్వా!”

సరైన జవాబు. చరణ్, నువ్వు?

“ఆస్పత్రికి! టీకాకి!”

మంచి జవాబే, కాకపోతే తప్పు. ఎందుకు తప్పో తర్వాత చెప్తాను. ఇప్పుడు రెండో ప్రశ్న. మీ చంద్ర మామ కూతురు, ఇదిగో, ఈ ఉయ్యాల్లో గుప్పిళ్ళు బిగించి నిద్రపోతోందే ఈ చిన్ని, నిన్న మొదటిసారి గడప దాటి యాడికి పోయిందో తెలుసా?

“తిరుచానూరు గుడికి! అమ్మ ఫోన్‌లో ఫోటోలు చూపించింది.”

ఫోటోల్లో ఉండేది తర్వాతి ప్రయాణం. మొదటిదానికి ఫోటోలు లేవు, అంతా అమ్మవారి దయ. మీ చిన్ని మొదటిసారి పోయింది చెత్తబండి దగ్గరికి. తీసుకపోయింది ఎవరు? ఇంకెవరు, మీ అవ్వే!

నవ్వండి, నవ్వండి. పాపను అందరూ గుమ్మడికాయ అని ఎందుకు పిలుస్తున్నారని రాత్రి వచ్చినప్పట్నించి నన్ను తినేస్తున్నారు కదా, ఆ సంగతి కూడా ఇందులోనే వస్తుంది. నిన్న పరీక్ష ఉందని మీరు రాకపోతిరి. వచ్చుంటే ఇంత జరిగేది కాదు. చెత్తబుట్ట మీ ఇద్దరిలో ఒకరి చేతిలో ఉండేది.

ముందు పాఠం, తర్వాత కథ. పాఠం చెప్పకుండా కథ చెప్తే నాకు తిన్నది అరగదు.

ఈ వేడుక పేరు నిష్క్రమణం. నిః, క్రమణం, రెండూ కలిస్తే నిష్క్రమణం. క్రమణం అంటే అడుగు వేయడం, నిః అంటే బయటికి. విసర్గ సంధి. చరణ్, ఆవలించొద్దు, వ్యాకరణం ఇంతటితో అయిపోయింది. బిడ్డకు మూడో నెల దాటినాక ఒక మంచి రోజు చూసి, తలకు పోసి, కొత్త గుడ్డలు వేసి, బుగ్గన చుక్క పెట్టి గడప దాటిస్తారు. బయటికి రాగానే ముందు సూర్యుణ్ణి చూపిస్తారు. ఆ తర్వాత గుడి. మా ఇంట్లో, చిన్ని వాళ్ళమ్మ పుట్టింట్లో బిడ్డను ఎత్తుకొని గడప దాటించేది మేనమామ. అంటే ఎవరు? బిడ్డ తల్లికి అన్నో, తమ్ముడో. ఎందుకు మేనమామే అంటే, “నీకు ఈ ఇల్లు ఒక్కటే కాదమ్మా, బయట మా ఇల్లు కూడా ఒకటుంది” అని బిడ్డకు చెప్పడానికి. ఈ మాట ఏ పుస్తకంలోనూ ఉండదు, ఇది నా సొంత వివరణ.

“మరి టీకాకి పోయినప్పుడు గడప దాటలేదా?”

చూసినావా హాసినీ, వీడు వదలడు! టీకా లెక్కలోకి రాదురా. అవసరానికి పోతే అది పని. సంతోషానికి పోతేనే నిష్క్రమణం. ఇదీ నా సూత్రమే. టీకాకు పోయేటప్పుడు చిన్నికి తువ్వాలు కప్పి, “ఇది లెక్కలోకి రాదు” అని గడపకు వినపడేటట్టు పైకే చెప్పి మరీ పంపించినాను. ఈ సూత్రం గుర్తు పెట్టుకోండి, పనికొస్తుంది.

ఇప్పుడు కథ. చిన్ని వాళ్ళమ్మ, మీ రేవతత్తకు అమ్మా నాయనా లేరు. ఉండేది ఒక్క అన్న, శేఖర్. సత్యవేడు దగ్గర తోట చూసుకుంటూ, చెల్లెల్ని చదివించి, పెళ్ళి చేసి మన ఇంటికి పంపించినాడు. మామూలుగా తొలికాన్పు పుట్టింట్లో కదా జరగాల? ఆ ఇంట్లో పురుడు పోసేదానికి ఆడదిక్కు లేదు. శేఖర్‌కు ఇంకా పెళ్ళి కాలేదు. అందుకని ఇక్కడే, నా చేతుల మీదనే అయింది. చిన్ని పుట్టిన రోజు ఆస్పత్రి వరండాలో శేఖర్ నా పక్కన వచ్చి నిలబడినాడు. చేతులు కట్టుకొని, తల వంచుకొని, హోంవర్కు చేయని పిల్లోడి మాదిరి.

“అత్తమ్మా, పురుడు పోసే రాత మాకు లేకపాయె. పాపను గడప దాటించేదన్నా నాకు ఇడిసిపెడతారా? మా అమ్మ ఉండుంటే మా ఇంటి తరఫున ఎన్ని జేసుండునో. నాకు తెలిసింది ఇదొకటే.”

ఆ పిల్లోడు ఇన్నేళ్ళలో నన్ను నోరు తెరిచి అడిగింది అదొక్కటే. “నువ్వు వచ్చి ఎత్తుకునేదాకా నీ మేనకోడలు ఈ గడప దాటదు శేఖరా. ఇది టీచరు మాట” అన్నాను.

టీచరు మాట అంటే ఊరికే పోతుందా! అప్పట్నించి నేను గడప దగ్గర కాపలా. “అమ్మా, వరండాలో ఎండ బాగుండాది, పాపను కాసేపు తీసకపోతా” అని మీ చంద్ర మామ వస్తే, “గడప!” అనేదాన్ని. అంతే, వెనక్కి తిరిగిపోయేవాడు. ఎదురింటి కస్తూరమ్మ మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కి లోపలికి రాలేదు. పాపను వరండాలోకి తెచ్చి చూపించమని బతిమాలింది. నేను ఒప్పుకుంటేనా? పాపం, కింద సందులో నిలబడి కిటికీ చువ్వల్లోంచి చూసి పోయేది. “ఏం టీచరమ్మా, జైల్లో ఉండేవాళ్ళను సూసేదానికి వొచ్చినట్టుండాది నాకు” అనేది. నేను నవ్వేసి, “రూలంటే రూలే కస్తూరమ్మా” అనేదాన్ని. ఆ మాట ఎందుకన్నానో అని ఇప్పుడు ఏడుస్తున్నాను.

సరే, నిన్నటికి వద్దాం.

నిన్న పొద్దున్నే లేచి గడపకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, వాకిట్లో ముగ్గు తీర్చినాను. గంజి పెట్టిన నూలు చీర, కొత్తది, కట్టుకున్నాను. పళ్ళెంలో కర్పూరం, కొబ్బరికాయ, పూలు పెట్టేదానికి చోటు, అన్నీ సిద్ధం. దిష్టి తీసే బూడిద గుమ్మడికాయ ఒక్కటే ముందురోజు బజార్లో కుదరలేదు. అన్నీ బిందెలంత ఉండాయి. దానికేదో ఏర్పాటు చేసినాను. ఏం ఏర్పాటు చేసినానో నిన్న పొద్దునకి నా తలలోంచి ఎగిరిపోయింది. ఈ గుమ్మడికాయను మీరన్నా మర్చిపోవద్దండి.

ఇంకొకటి. శేఖర్‌కు పితికిపప్పు అంటే ప్రాణం. అందుకని ముందురోజు పొద్దున్నే అనపగింజలు నానబెట్టి, సాయంత్రం కూచొని అన్నీ పితికి పెట్టినాను. పప్పు గిన్నెలోకి, తొక్కలు బుట్టలోకి. బుట్టెడు తొక్కలు! తెల్లారేసరికి అవి పులిసి ఒకటే వాసన. చుట్టాలొచ్చే ఇల్లు, మంచి రోజు, సాంబ్రాణి వాసన రావాల్సిన చోట ఈ వాసన. ముందురోజు బండి కూడా రాలేదు. “చెత్తబండి మైకు వినపడంగానే మొదట ఈ బుట్ట పోవాల” అని నాకు నేనే చెప్పుకున్నాను, గట్టిగా.

చిన్నికి తలకు పోసి, సాంబ్రాణి పట్టి, గౌను తొడిగి, చుక్క పెట్టినాం. పాలు తాగి నా ఎడమ భుజం మీద వాలి నిద్రపోయింది. మీ రేవతత్త తలకు పోసుకోవడానికి బాత్రూంలోకి పోయింది. మీ మామ పూలు తెచ్చేదానికి, కారు కడిగించేదానికి బయటికి పోయినాడు. శేఖర్ వచ్చేదానికి ఇంకా టైముంది. నేను పాప వీపు తడుతూ హాల్లో అటూ ఇటూ తిరుగుతున్నాను. ఇల్లంతా ప్రశాంతంగా ఉంది.

సరిగ్గా అప్పుడు వీధి చివర చెత్తబండి మైకు మొదలైంది.

పిల్లలూ, ఒక సంగతి అర్థం చేసుకోండి. ఉద్యోగం చేసినన్నాళ్ళూ బెల్లు కొడితే లేచిన కాళ్ళు ఇవి. బెల్లు వినపడినాక ఆలోచించే అలవాటు వీటికి లేదు. తలకు కబురు అందేలోపల ఇవి తరగతి గది దగ్గర ఉంటాయి.

ఎడమ భుజం మీద చిన్ని. కుడిచేతిలో బుట్ట. మోచేత్తో తలుపు తీసినాను. చెప్పులేసుకున్నాను. పొద్దున నేనే పెట్టిన కుంకుమ చెరిగిపోకూడదని కాలు బాగా పైకెత్తి గడప దాటినాను. ముగ్గు తొక్కకూడదని పక్కనించి పోయినాను. ఎంత జాగ్రత్తో చూడండి! అన్నీ గుర్తున్నాయి నాకు, భుజం మీద ఉండే మనిషి తప్ప.

“నాగమ్మా, ఉండు ఉండు, వచ్చేసినా!” అని బండి దగ్గరికి పరుగు. నాగమ్మ చెయ్యి చాపింది. తడి చెత్త ఏ డబ్బాలోనో అని చూస్తూ నేను ముందుకు వంగినాను. ఏ పక్క వంగినాను? ఎడమ పక్క.

నాగమ్మ చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది.

“యమ్మా, బుట్ట ఇయ్యి! ఆ పక్కది గాదు!”

అప్పుడు తల తిప్పి చూసినాను. నా భుజం మీద, కొత్త గౌనులో, బుగ్గన చుక్కతో, నోరు కొంచెం తెరుచుకొని, మీ చిన్ని. వెనక చెత్తబండి. పైన మైకు.

“అయ్యో! గడప!” అని అరిచినాను.

నాగమ్మ పాపం బిత్తరపోయింది. “గడప గూడా ఏస్తావా యమ్మా? అంత పెద్దవి తీసుకోము” అనింది.

ఇంక ఆమెకు ఏం చెప్తాను? వెనక్కి తిరిగి పరుగు. ఎవరూ చూడకముందే లోపల పడిపోతే చాలు, జరగనట్టే. వాకిట్లోకి వచ్చినాను. ఇంకో రెండడుగులు వేస్తే గడప. ఎక్కణ్ణించి వచ్చిందో గాలి, తలుపు నా మొహం మీదనే మూసుకుంది. టక్!

ఆ తాళం పోయిన నెలే మీ మామ పెట్టించినాడు. మూసుకుంటే దానంతట అదే పడుతుంది. “సేఫ్టీ అమ్మా” అన్నాడు. నిజమే, ఇల్లు చాలా సేఫ్‌గా ఉంది. నేనే బయట ఉన్నాను. తాళంచెవి లోపల, ఫోన్ లోపల. బెల్లు కొట్టినాను. బాత్రూంలో నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. అటు చూస్తే చెత్తబండి పక్క వీధిలోకి తిరిగిపోతోంది. బుట్ట ఇంకా నా చేతిలోనే ఉంది! ఇంత చేసినాను కదా, ఆ తొక్కలన్నా పడినాయా? పడలేదు.

“టీచరమ్మా!”

ఎదురింటి గోడ మీద కస్తూరమ్మ తల. చూసేసింది.

“ఇన్నాళ్ళూ నాకు కిటికీలోంచి సూపించి, ఈ పొద్దు చెత్తబండికి ఎత్తకపోయి సూపిస్తివే! నేను ఆ బండికంటే తక్కువైపోతినా?”

“మెల్లగా కస్తూరమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటా! పొరపాటైపోయింది. ఎవరికీ చెప్పొద్దు. శేఖర్ వచ్చేలోపల తలుపు తీస్తే…”

మాట పూర్తి కాలేదు. వీధి మలుపులో మోటార్‌సైకిల్ చప్పుడు. చెప్పిన టైముకంటే ముందే, తెల్లచొక్కా వేసుకొని, ముందర ఒక గోనెసంచి, భుజాన ఒక గుడ్డసంచి తగిలించుకొని శేఖర్! మేనకోడల్ని ఎత్తుకోవాలని ఆత్రం, పిల్లోడు చీకటితోనే బయల్దేరినట్టున్నాడు.

నాకు ఏం గుర్తొచ్చింది తెలుసా? ఆ ఆస్పత్రి వరండా. చేతులు కట్టుకొని నిలబడిన మొహం. నాకు తెలిసింది ఇదొకటే అన్న మాట. ఆ ఒక్కటీ నేను చెత్తబండి దగ్గర పారేసి వచ్చినాను.

చెయ్యి తన పని తాను చేసింది. కొంగు లాగి చిన్నిని పూర్తిగా కప్పేసింది.

శేఖర్ బండి ఆపినాడు. “ఏం అత్తమ్మా, బయటే నిలబడినారు?”

“ఊరికే. గాలికి.”

“ఇంత చలిలోనా?”

“చల్లగాలి మంచిది నాయనా, ఈ వయసులో.”

“చేతిలో బుట్ట… కొంగు కింద ఏంది అత్తమ్మా?”

పిల్లలకు ఎన్నిసార్లు చెప్పుంటాను, జవాబు చెప్పేముందు కాసేపు ఆలోచించండి అని. నేను ఆలోచించలేదు.

“గుమ్మడికాయ!”

“గుమ్మడికాయా?”

“దిష్టికి. బూడిద గుమ్మడికాయ.”

శేఖర్ ఏదో అనబోయి ఆగినాడు. గోడ మీదనించి కస్తూరమ్మ అందుకుంది. నాకు సాయం చేస్తున్నాననుకుంది మహాతల్లి. “మా పాదుకు కాసిందే నాయనా! ఇప్పుడే తెంపి ఇచ్చినా.”

శేఖర్ బండికి స్టాండ్ వేసినాడు. నిదానంగా వచ్చి నా ఎదురుగా నిలబడి నా కొంగు వైపే చూస్తున్నాడు.

“ఏం అత్తమ్మా, గుమ్మడికాయను జోకొడతా ఉండారు?”

చూసుకున్నాను. బుట్టను మోచేతికి తగిలించి, నా కుడిచెయ్యి చిన్ని వీపు మీద తడుతూనే ఉంది. అలవాటు!

“ముదిరిందా, లేదా అని తట్టి చూస్తున్నా.”

“దిష్టిది ముదిరితే ఏంది, ముదరకపోతే ఏంది? పగలగొట్టేదే గదా! ఇట్లియ్యండి, బరువుంటాది.”

“వద్దు!” అని అరిచి రెండడుగులు వెనక్కి వేసినాను.

ఆ కదలికకు గంజి పెట్టిన కొంగు అంచు పాప ముక్కుకు తగిలినట్టుంది. కొంగు కింద ఒక చిన్న కదలిక. తర్వాత—

“హచ్చ్!”

శేఖర్ నా మొహం వైపు చూసినాడు. కొంగు వైపు చూసినాడు. మళ్ళీ నా మొహం వైపు చూసినాడు.

“అత్తమ్మా,” అన్నాడు, “గుమ్మడికాయ తుమ్మింది.”

“సలికి!” అనేసి కస్తూరమ్మ గోడ కిందికి మునిగిపోయింది.

శేఖర్ వెనక్కి పోయి, బండి మీది గోనెసంచి మూతి విప్పి, లోపల ఉండేది రెండు చేతుల్తో పైకెత్తి చూపించినాడు. బూడిద గుమ్మడికాయ. చక్కగా, ముద్దుగా, చంటిబిడ్డంత.

“నిన్న సాయంత్రం ఫోన్ జేసి నన్నే గదా తెమ్మంటిరి? ‘ఈడ అన్నీ బిందెలంత ఉండాయి, మీ తోటలోది చిన్నది సూసి తీసకరా’ అని. ఇదిగో. ఇదైతే తుమ్మదు.”

అదీ ఏర్పాటు! అప్పుడు గుర్తొచ్చింది నాకు. ప్రపంచంలో ఎన్ని కాయలు లేవు పిల్లలూ! సొరకాయ అన్నా సరిపోయేది.

నవ్వుతూనే అన్నాడు కానీ, ఆ నవ్వు మొహంలో నిలబడలేదు. నేను బయట ఉన్నాను, పాప బయట ఉంది. అంటే ఏమిటో అతనికి అర్థమైంది. గుమ్మడికాయను సంచిలో పెట్టినాడు. భుజాన ఉండే గుడ్డసంచిలోంచి ఒక మడత తీసినాడు. కనకాంబరం రంగు పాత నూలుచీర. ఉతికి ఉతికి మెత్తబడింది.

“మా అమ్మది,” అన్నాడు. “ఇందులో ఎత్తుకొని దాటిద్దామని తెచ్చినా. పోనీలేండి అత్తమ్మా. పాప సల్లగుండాది గదా, అది సాలు.”

మళ్ళీ మడత మీద మడత పెట్టి సంచిలోకి తోస్తున్నాడు. తిట్టుంటే బాగుండు.

“శేఖరా, నేనే కాపలా పెట్టినాను, నేనే దాటించినాను,” అన్నాను. “చెత్తబండి మైకు వినపడింది. కాళ్ళు పోయినాయి నాయనా, నేను పోలేదు. నీకిచ్చిన మాట చెత్తలో కలిపేసినాను.”

కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యెత్తినాను. మోచేతికి తగిలించిన బుట్ట కూడా పైకి వచ్చింది. అనపతొక్కల వాసన మా ఇద్దరికీ గుప్పుమని కొట్టింది. శేఖర్ ముక్కు మూసుకొని, “ఇంకా కలపలేదు అత్తమ్మా, బుట్ట మీ దగ్గిరే ఉండాది” అన్నాడు. ఈసారి నవ్వు ఆపుకోలేకపోయినాడు. నాకూ ఏడుపులోంచే నవ్వొచ్చేసింది.

అప్పుడు తలుపు ఒక్క ఊపుతో తెరుచుకుంది. తలకు తువ్వాలు చుట్టుకొని మీ రేవతత్త. మొహంలో నెత్తురు లేదు.

“అత్తమ్మా! పాప? ఉయ్యాల్లో లేదు, మీరు లేరు…” అని, నా కొంగు కిందినించి బయటికొచ్చిన బుల్లి కాలు చూసి, తలుపు పట్టుకొని ఊపిరి పీల్చుకుంది. జరిగింది చెప్పినాను, దాచకుండా. చెత్తబండి, నాగమ్మ, గుమ్మడికాయ, తుమ్ము, అంతా. చెప్తూ ఉంటే ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కోపమేమో అనుకున్నాను. భుజాలు కదులుతున్నాయి. నవ్వు!

“అత్తమ్మా, టీకాకు పోయింది లెక్కలోకి రాదని చెప్పింది ఎవరు? అవసరానికి పోతే పని అని చెప్పింది ఎవరు? మరి చెత్తబండి అవసరమా, సంతోషమా?”

చూసినారా, నా సూత్రం నాకే అప్పజెప్పింది. అయినా నాకు మనసు ఒప్పలేదు. “గడపైతే దాటింది కదమ్మా” అన్నాను.

ఆ మాటకు శేఖర్ దగ్గరికొచ్చినాడు.

“అత్తమ్మా, కొంగు తీయొద్దండి. అట్లే ఉండనీండి. పాప కండ్లు తెరిచిందా?”

“లేదు నాయనా. నిద్రలోనే తుమ్మింది.”

“సూర్యుణ్ణి సూసిందా?”

“లేదు.”

“మీ భుజం మీద నించి దించితిరా?”

“యాడ దించుతాను? పొద్దున పాలు తాగినప్పట్నించి ఈడనే ఉండాది.”

“అయితే ఇంకా యాడ దాటింది అత్తమ్మా? మా రేవతి ఎప్పుడు ఫోన్ జేసినా చెప్తాది, పాప ఉయ్యాల్లో ఉండేది తక్కువ, అత్తమ్మ భుజం మీద ఉండేదే ఎక్కువ అని. దానికి ఇల్లంటే ఆ గోడలు ఏం తెలుసు? మీ భుజమే దానిల్లు. ఆణ్ణించి ఇంకా దిగలేదు గదా! ఇప్పుడు నేను ఎత్తుకుంటే, అప్పుడు దాటినట్టు.”

పిల్లలూ, ఎన్ని పేపర్లు దిద్దుంటాను నేను! తప్పు యాడుందా అని ఆ జవాబంతా వెతికినాను. దొరకలేదు. దొరకకూడదని కూడా అనిపించింది.

శేఖర్ వాళ్ళమ్మ చీర మడత విప్పి రెండు చేతుల మీదా పరిచినాడు. ఆ చీర చూసి మీ రేవతత్త నవ్వు ఆగిపోయింది. చెయ్యి చాపి ఆ అంచు ఒక్కసారి ముట్టుకుంది. “అన్నా, ఇంకా దాచినావా?” అని మాత్రం అనింది.

నేను బుట్ట కింద పెట్టి, కొంగు తీసి, చిన్నిని ఆ చీరలో పడుకోబెట్టినాను. భుజం తేలికైపోయింది. కస్తూరమ్మ వాళ్ళ మిద్దె మీదనించి ఎండ అప్పుడే వీధిలోకి దిగుతోంది. శేఖర్ పాపను తూర్పుకు తిప్పినాడు. ఎండ మొహాన పడింది. చిన్ని మొదట ముక్కు ముడిచింది. తర్వాత ఒక కన్ను తెరిచింది. రెండోది తెరిచింది. మేనమామ మొహాన్ని, పైనించి కిందికి, కొత్త విద్యార్థిని చూసినట్టు చూసింది. శేఖర్ ఇంకొంచెం వంగినాడు. “నేనే తల్లీ, మామను” అన్నాడు. అంతే, పాప మళ్ళీ—

“హచ్చ్!”

“రెండో తుమ్ము!” గోడ మీద కస్తూరమ్మ తల మళ్ళీ లేచింది. “ఒంటి తుమ్ము దోషం పోయింది, ఇంక పదండి! టీచరమ్మా, ఇప్పుడన్నా నా దగ్గిరికి తెస్తారా, లేకపోతే కిటికీ కాడికి రావాల్నా?”

మొట్టమొదట ఆమె దగ్గరికే తీసుకపోయినాం. ముసలామె గోడ ఇవతలికి చేతులు చాపి, పాప రెండు పాదాలూ కళ్ళకద్దుకొని, “ఏం గుమ్మడికాయా, మా పాదులోనే కాసినావా?” అనింది. ఆ పేరు అట్లా పడింది.

సరిగ్గా అప్పుడు మీ చంద్ర మామ పూలబుట్టతో దిగినాడు. వీధి మధ్యలో అమ్మ, భార్య, బావమరిది, పాప, గోనెసంచి, చెత్తబుట్ట. అందరి కళ్ళలో నీళ్ళు, అందరి మొహంలో నవ్వు.

“ఏం జరిగిందమ్మా?”

“నిష్క్రమణం” అన్నాను.

“నేను లేకుండానా?”

“నువ్వు లేవని మళ్ళీ చేస్తాం, రా” అంది మీ రేవతత్త. అందరం లోపలికి పోయి, కర్పూరం వెలిగించి, అంతా మొదటినించి మొదలుపెట్టినాం. శేఖర్ అదే చీరలో పాపను ఎత్తుకొని, కుడికాలు ముందు పెట్టి, గడప దాటినాడు. ఆ ఫోటోలే మీరు చూసింది. తుమ్మని గుమ్మడికాయను దిష్టి తీసి పగలగొట్టినాం. తిరుచానూరులో అమ్మవారి ముందు శేఖర్ పాపను ఎత్తి చూపిస్తూ ఏదో మొక్కుకున్నాడు. ఏం మొక్కుకున్నావని అడిగితే, “చెత్తబండి మా అత్తమ్మ వీధిలోకి మైకు లేకుండా రావాలని” అన్నాడు. పోకిరి!

మీ మామకు మాత్రం ఇప్పటికీ ఏమీ తెలియదు. పాపను గుమ్మడికాయ అని అందరికంటే ఎక్కువ పిలిచేది ఆయనే, బొద్దుగా ఉంది కదా అని. మీరూ చెప్పొద్దండి. చరణ్, నిన్నే అంటున్నాను. వీపు వెనక వేళ్ళు మెలేసి దొంగ ఒట్టు వేయొద్దు, చేతులు ముందుకు పెట్టు.

ఆగండి. వినపడిందా? అదిగో, మైకు! వచ్చేసింది.

కూచో కూచో, ఎవరూ లేవొద్దు. ఆ తొక్కలు ఇంకా పెరట్లో మూత కింద ఉన్నాయి. వాటి పని ఈరోజు తేలిపోవాల. హాసినీ, నువ్వు ఉయ్యాల దగ్గర కూచో. చరణ్, ఆ తాళంచెవి నా కొంగుకు ముడి వెయ్యి. గట్టిగా. ఇప్పుడు ఇద్దరూ నన్ను చూసి చెప్పండి. కుడిచెయ్యి?

“చెత్తబుట్ట!”

ఎడమచెయ్యి?

“ఖాళీ!”

భుజం?

“ఖాళీ, అవ్వా!”

సరే. పాపను ఉయ్యాల్లోనే వదిలి, ఖాళీ భుజంతో గడప దాటుతున్నాను. ఇది మాత్రం ఖచ్చితంగా నా నిష్క్రమణమే. పోయి వస్తా, తలుపు మూయొద్దండి!